సంక్రాంతికి ఊరెళ్తే తిండి సంగతేంటి? నేను చూసిన నాలుగు దారులు, ఎవరికి ఏది నయం

భోగి ముందు రోజు రాత్రి బస్సెక్కాలంటే సంచిలో ఏం సర్దాలి అన్న దగ్గరే మా ఇంట్లో మాటామాటా మొదలవుతుంది. నేను జొన్నపిండి, వేయించిన శనగలు కడుతుంటే మావారు "నాలుగు రోజులేగా, అక్కడ కూడా ఇదేనా?" అంటారు. ఆయన మాటలో న్యాయం ఉంది. నా భయంలోనూ ఉంది. మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఐదేళ్ళ కిందట నాకు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ జబ్బు గడప మీద నిలబడ్డట్టే. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది అనీ, ఇలా గడప మీద ఉన్నవాళ్ళు 13.6 కోట్ల మంది అనీ లెక్క తేల్చింది. అంటే ప్రతి ఊళ్ళో, ప్రతి పండగ పంక్తిలో నాలాంటి వాళ్ళు ఒకరిద్దరైనా కూర్చుని ఉంటారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. కష్టపడి నాలుగైదు కిలోలు తగ్గి, పండగకి అదంతా పోతుందేమో అని టెన్షన్ పడేవాళ్ళకీ పనికొస్తుంది.

మా పుట్టిల్లు కోనసీమ, అత్తగారిల్లు వరంగల్ పక్కన. ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు. అక్కడ అరిసెలు, సున్నుండలు, కనుమ నాడు గారెలు, కోడికూర. ఇక్కడ సకినాలు, నువ్వుల లడ్డూలు, భక్షాలు. ఈ ఐదు పండగల్లో నేను నాలుగు రకాలుగా ఉండి చూశాను. పూర్తిగా నోరు కట్టేసుకున్న ఏడు ఉంది, పూర్తిగా వదిలేసిన ఏడు ఉంది, ఒక పూట మానేసి ఇంకో పూట తిన్న ఏడు ఉంది, విస్తరి దగ్గర తిని డబ్బా దగ్గర ఆగిన ఏళ్ళు రెండున్నాయి. నాకు అర్థమైంది ఒక్కటే: మనల్ని దెబ్బ తీసేది పండగ భోజనం కాదు. భోజనానికీ భోజనానికీ మధ్య మూత తెరిచి ఉండే డబ్బా, పండగయ్యాక మనతో పాటు బస్సెక్కే డబ్బా. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ రెండు డబ్బాలకీ అందులో జవాబు ఉందా అని చూసుకోవాలి.

నోరు కట్టేసుకోవడం

మొదటి ఏడు నేను చేసింది ఇదే. పరీక్ష రిపోర్టు చేతికొచ్చి రెండు నెలలే అయింది. ఓట్స్ ప్యాకెట్, జొన్నపిండి పట్టుకుని పుట్టింటికి వెళ్ళాను. భోగి నాడు అందరికీ విస్తళ్ళు వేస్తుంటే నేను వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఓట్స్ కలుపుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. అరిసెల పాకం కోసం పొద్దున్నే లేచిన మనిషి, నా వైపు చూసి పళ్ళెం సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే.

పగలంతా గెలిచాను. రాత్రి పదకొండింటికి, ఇల్లంతా పడుకున్నాక, వసారాలో ఉన్న ఇత్తడి డబ్బా మూత తీసి నిలబడే మూడు అరిసెలు తిన్నాను. కనుమ నాటికి అదే అలవాటయింది. రోజంతా ఆకలిని అణిచిపెడితే, చుట్టూ నేతి వాసన వస్తుంటే, రాత్రికి ఒంటికి కావలసింది అది తీసేసుకుంటుంది. దాన్ని మనసు గట్టిగా లేకపోవడం అనుకోకండి. ఆకలి పని చేసే తీరే అది. పైగా దొంగతనంగా తిన్నది లెక్కలోకి రాదు, రుచీ తెలియదు.

అయినా ఈ దారి తప్పనిసరి అయినవాళ్ళు ఉన్నారు. షుగర్ అదుపులో లేక మందుల మోతాదు మారుస్తున్నవాళ్ళు, కిడ్నీ జబ్బుకి పథ్యం ఉన్నవాళ్ళు, గుండె ఆపరేషన్ అయి కొద్ది వారాలే అయినవాళ్ళు. మీరు ఈ కోవలో ఉంటే ఊరెళ్ళే ముందే డాక్టర్‌ని అడిగి, ఏది ఎంత తినొచ్చో రాయించుకుని వెళ్ళండి. ఆ కాగితం ఇంటి పెద్దావిడ చేతిలో ముందు రోజే పెట్టండి. విస్తరి దగ్గర చెప్తే బాధపడతారు. ముందే చెప్తే మీకోసం వంటే మార్చేస్తారు. మా మేనత్తకి కిడ్నీ ఇబ్బంది ఉందని తెలిశాక ఉప్పు తక్కువ వేసి దప్పళం విడిగా కాచింది అమ్మ. అదేమీ ఆవిడకి భారం అనిపించలేదు.

వదిలేయడం

రెండో ఏడు వరంగల్ వైపు. మొదటి ఏడు అమ్మని బాధపెట్టానన్న బాధలో, ఇక ఈసారి ఏమైతే అదయిందని తిన్నాను. పొద్దున టీతో సకినాలు, పదింటికి నువ్వుల లడ్డు, భోజనంలో భక్షాలు నేతిలో ముంచి, సాయంత్రం మళ్ళీ సకినాలు. వచ్చాక బరువు చూసుకుంటే రెండు కిలోలు పెరిగింది. గుండె జారిపోయింది.

ఇక్కడ ఒక ధైర్యం చెప్పాలి. ఆ రెండు కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు. ఒక కిలో కొవ్వు చేరాలంటే మనకి అవసరమైనదానికన్నా సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. నాలుగు రోజుల్లో రెండు కిలోలకి ఎంత తినాలో మీరే లెక్కేయండి. పిండిపదార్థం ఎక్కువ తిన్నప్పుడు ఒళ్ళు కొంత భాగాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. దానికి ఉప్పు, ఆవకాయ తోడు. అందుకే మామూలు తిండికి రాగానే వారంలో చాలావరకు దిగిపోతుంది. ఊరి నుంచి వచ్చిన మర్నాడే బరువు చూసుకుని "అంతా పోయింది, ఇక ఎందుకు" అని చేతులెత్తేసేవాళ్ళని చాలామందిని చూశాను. దయచేసి ఆ వారం బరువు చూసుకోకండి.

అయితే వదిలేయడం మంచిదేనా అంటే, నా విషయంలో కాలేదు. పండగ నాలుగు రోజులతో ఆగలేదు కాబట్టి. అత్తమ్మ ఐదు కిలోల డబ్బా నిండా సకినాలు, అప్పాలు పెట్టి పంపింది. అవి ఫిబ్రవరి నెలాఖరు దాకా మా టీ పక్కన ఉన్నాయి. మార్చిలో పరీక్ష చేయిస్తే 6.1 కాస్తా 6.3 అయింది. 2000లో అమెరికా వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో నవంబర్ నుంచి జనవరి మధ్య వరుసగా వచ్చే పండగల్లో మనుషులు సగటున పెరిగింది 370 గ్రాములే అని తేలింది. కానీ ఆ కాస్త బరువూ తరువాతి నెలల్లో తగ్గలేదు. పండగ పండగకీ ఇలా కొంచెం కొంచెం చేరుతూ పోతుందన్నమాట. నా డబ్బా అనుభవానికి ఇది అద్దం పట్టినట్టు అనిపించింది.

కాబట్టి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఏమీ లేనివాళ్ళు, పండగ తరువాత డబ్బా ఇంటికి తేకుండా ఉండగలిగినవాళ్ళు ఈ దారిలో వెళ్ళినా పెద్దగా నష్టం లేదు. నాకు మటుకు కుదరలేదు.

ఒక పూట మానేసి ఇంకో పూట తినడం

దీని గురించి ఎక్కువ చెప్పను. పొద్దున టిఫిన్ మానేస్తే మధ్యాహ్నం హాయిగా తినొచ్చు అనుకుంటాం. పండగ ఇంట్లో భోజనం ఒంటిగంటకి అవుతుందనుకుంటే మూడవుతుంది. ఈలోపు ఆకలి నకనకలాడుతుంటే చెయ్యి డబ్బాలోకే పోతుంది. నేను ఆ ఏడు భోజనానికి ముందు తిన్న జంతికలే భోజనమంత అయ్యాయి. ఉపవాసం అలవాటున్నవాళ్ళ సంగతి వేరు. కానీ ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా పూట మానేయకండి. షుగర్ బాగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి. పందేల బరిలోనో, బస్సులోనో అలా జరిగితే చూసేవాళ్ళుండరు.

విస్తరి దగ్గర తినడం, డబ్బా దగ్గర ఆగడం

రెండేళ్ళ నుంచి నేను చేస్తున్నది ఇది. సూత్రం చాలా చిన్నది. పండగ రోజు ఏం తిన్నా కూర్చుని, విస్తరిలో పెట్టించుకుని, భోజనంలో భాగంగా తింటాను. స్వీటు కూడా అక్కడే. మధ్యలో టీతో, నడుస్తూ, మాట్లాడుతూ, డబ్బాలోంచి తీసుకుని ఏమీ తినను. అరిసె మీద నాకు నిషేధం లేదు. అరిసె తినే చోటు మీద మాత్రం నియమం ఉంది.

ఇది ఎందుకు పని చేస్తుందో నా గ్లూకోమీటర్‌లో కనిపించింది. మొన్నటి సంక్రాంతికి ఒక రోజు సాయంత్రం నాలుగింటికి టీతో మూడు అరిసెలు తిన్నాను, చూద్దామనే తిన్నాను. రెండు గంటల తరువాత 188. మర్నాడు మధ్యాహ్నం పప్పు, చిక్కుడుకాయ కూర, దప్పళం, కొద్దిగా అన్నం, చివర ఒక అరిసె తింటే రెండు గంటలకి 146. నా ఒక్కదాని ఒంటి లెక్క ఇది, అందరికీ ఇలాగే వస్తుందని కాదు. ఒక అరిసెకీ మూడు అరిసెలకీ తేడా ఉండనే ఉంది. కానీ అసలు విషయం కూడా అదే. టీ దగ్గర ఒకటితో ఆగం, విస్తరి చివర ఒకటితో కడుపు నిండిపోతుంది. కూరలు, పప్పు ముందు తిని అన్నం, తీపి తరువాత తింటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుందని చిన్న చిన్న అధ్యయనాలు కూడా చెప్తున్నాయి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా నయం. ఊళ్ళో దానికి ప్రత్యేకంగా వాకింగ్ అక్కర్లేదు. వీధిలో ముగ్గులు చూడ్డానికి పిల్లల్ని వెంటేసుకుని ఒక చుట్టు తిరిగితే చాలు.

ఇలా ఉండాలంటే ఒక తయారీ కావాలి. నాలుగింటి టీకి నోట్లో వేసుకోవడానికి మనదంటూ ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే డబ్బానే గెలుస్తుంది. నేను వేయించిన శనగలు పట్టుకెళ్తాను. జనవరిలో జామకాయలు దండిగా దొరుకుతాయి, భోగిపళ్ళకి తెచ్చిన రేగుపళ్ళు ఇంట్లో ఉంటాయి. ఒక జామకాయ కోసి ఉప్పుకారం కొద్దిగా చల్లి పళ్ళెంలో పెడితే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చెయ్యి వేస్తారు. మా తమ్ముడు ఆ పళ్ళెం దగ్గరకి రావడం చూసి అమ్మ మర్నాడు తనే అరడజను జామకాయలు తెప్పించింది.

ఏది తింటే నయం

పద్ధతి ఎంచుకున్నాక రెండో ప్రశ్న ఇది. పండగ పిండివంటల్లో ఏదీ మందు కాదు. అయినా వాటి మధ్య తేడా ఉంది.

ముందు బెల్లం సంగతి. "చక్కెర కాదు కదమ్మా, బెల్లమే, ఏం కాదు" అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. వంద గ్రాముల చక్కెరలో 400 కేలరీలు ఉంటే వంద గ్రాముల బెల్లంలో 380 దాకా ఉంటాయి. ఇనుము వగైరా కొంచెం ఉన్నా, అవి ఒంటికి చాలినంత రావాలంటే తినాల్సిన బెల్లం లెక్క చూస్తే భయమేస్తుంది. రుచికి బెల్లమే బాగుంటుంది, అందుకు తినండి. షుగర్‌కి మంచిదని మాత్రం తినొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి కలిపిన తీపి 50 గ్రాములు దాటకూడదు, 25లో ఆగితే ఇంకా మంచిది. బెల్లం, తేనె, చెరుకురసం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

అరిసె. అమ్మ చేసే అరిసె ఒకటి కొట్లో త్రాసు మీద వేయించాను. 50 గ్రాములు తూగింది. అందులో తడిబియ్యప్పిండి, బెల్లం, నూనె కలిపి నా లెక్కన సుమారు 200 కేలరీలు. అరిసెలో తేడా అంతా నొక్కడంలో ఉంది. మూకుడులోంచి తీసిన అరిసెని అమ్మ రెండు చెక్కల మధ్య పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కుతుంది. కింద గిన్నెలోకి నూనె బొట్లుబొట్లుగా కారుతుంది. మొన్న నేను పక్కన కూర్చుని చూశాను. పాతిక అరిసెలు నొక్కేసరికి గిన్నెలో ఒక టీ గ్లాసుడు నూనె చేరింది. ఆ గ్లాసులో 800 కేలరీల దాకా ఉంటాయి. అవన్నీ మన కడుపులోకి వెళ్ళకుండా ఆగింది ఆవిడ చేతుల బలం వల్ల. కొన్న అరిసెలు వేలికి నూనె అంటుకునేలా మెత్తగా ఉంటే రెండోసారి ముట్టుకోకండి. ఇంట్లో చేసేటప్పుడు నొక్కే పని మీరు తీసుకోండి, పెద్దవాళ్ళ భుజాలకీ కాస్త విశ్రాంతి.

సున్నుండలో కేలరీలు అరిసెకి ఏమీ తక్కువ కాదు, నెయ్యి అంతా లోపలే ఉంటుంది. కానీ మినప్పప్పు వల్ల మాంసకృత్తులు వస్తాయి, షుగర్ అంత గభాలున పెరగదు. అందుకని షుగర్ భయం ఉన్నవాళ్ళకి అరిసె కన్నా చిన్న సున్నుండ నయం. బరువు భయం ఉన్నవాళ్ళకి రెండూ ఒకటే. బొబ్బట్టు, భక్షం ఏ పేరుతో పిలిచినా, లోపల శనగపప్పు పూర్ణం ఉంది కాబట్టి కొంత నయమే. అయితే దాన్ని చెడగొట్టేది పైన పోసే నెయ్యి. ఒక చెంచా రుచికి సరిపోతుంది. మైదా బదులు గోధుమపిండితో చేయమని అడిగితే మా వదినె చేసి పెట్టింది. రుచి మారిందని ఎవరూ అనలేదు.

సకినాల గురించి మా అత్తగారింట్లో అందరూ "అవి తీపి కాదు, నీకేం కాదు" అంటారు. నిజమే, బెల్లం ఉండదు. నువ్వులు, వాము ఉంటాయి. కానీ బియ్యప్పిండి నూనెలో వేగింది. ఒకటి తిన్నప్పుడు ఏమీ తిన్నట్టుండదు, అందుకే చెయ్యి ఆగదు. నా అంచనాలో మధ్యరకం సకినం ఒకటి 100 కేలరీలు. నాలుగు తింటే రెండు అరిసెల లెక్క. జంతికలు, చెక్కలు కూడా ఇదే కోవ. తీపి లేనివే ప్రమాదం ఎక్కువ అని నేను నమ్ముతాను. అరిసె రెండోది తినేటప్పటికే మొహం మొత్తుతుంది, సకినం ఎప్పటికీ మొత్తదు. రెండు సకినాలు భోజనంలో పప్పన్నం పక్కన పెట్టించుకుంటే అప్పడం బదులు సరిపోతాయి. అత్తమ్మకి కూడా తృప్తి.

పులిహోర, చక్రపొంగలి రెండూ ఉంటే షుగర్ ఉన్నవాళ్ళు ఒక గరిటె పులిహోరతో సరిపెట్టుకుని చక్రపొంగలి ప్రసాదంగా నోట్లో పెట్టుకోండి. రెండూ అన్నమే అన్నది మర్చిపోవద్దు. వీటిలో ఏది తిన్నా మామూలు అన్నం ఆ మేరకు తగ్గాలి.

కనుమ దగ్గర కాస్త ఆగుతాను. కనుమ నాడు మినుము తినాలంటారు, మా వైపు గారెలు లేని కనుమ లేదు. మాంసం తినేవాళ్ళిళ్ళలో నాటుకోడి పులుసు. కొన్ని ఇళ్ళలో ముక్కనుమ దాకా ఆగి అప్పుడు వండుకుంటారు. గారె, నాటుకోడి జోడీని చాలామంది పెద్ద పాపంలా చూస్తారు, నేనలా అనుకోను. మినప్పప్పు, కోడిమాంసం రెండింట్లోనూ మాంసకృత్తులు ఉన్నాయి. చెడేది ఎక్కడంటే, ఐదారు గారెలు తిన్నాక మళ్ళీ అన్నం, ఆ తరువాత పెరుగన్నం, ఆ పైన అరిసె. నేను పెట్టుకున్న నియమం: గారె తింటే అన్నం లేదు. మూడు గారెలు, రెండు గరిటెల పులుసు, నాలుగు ముక్కలు, పక్కన ఉల్లిపాయ, దోసకాయ. అది పూర్తి భోజనం. పులుసు మీద తేలే నూనెని గరిటెతో పక్కకి జరిపి వేయించుకుంటాను. బిర్యానీ ఒకవైపు, గారెలు కోడికూర ఒకవైపు ఉంటే నేను రెండోదానికే వెళ్తాను. బిర్యానీలో అన్నం ఎంత తిన్నామో తెలియదు, గారెలు లెక్కకి దొరుకుతాయి. శాకాహారులకైతే పెరుగు గారెలు నయం. పెరుగులో ఊరే ముందు నీళ్ళలో వేసి పిండేస్తారు కాబట్టి కొంత నూనె పోతుంది.

చెరుకుముక్క నమిలితే పర్వాలేదు, దవడ నొప్పి పుట్టి మనమే ఆపేస్తాం. గ్లాసుడు చెరుకురసంలో 30 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, రెండు నిమిషాల్లో దిగిపోతుంది. కోనసీమలో ఉండి కూల్‌డ్రింక్ తాగడం నాకు అర్థం కాదు. బొండాం కొట్టించుకోండి.

ఇక అందరూ మర్చిపోయేవి కూరలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్తగా ఇచ్చిన ఆహార సూచనల్లో పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళే ఉండాలని ఉంది. మన సంక్రాంతి వంటలో అది ముందు నుంచీ ఉన్నదే. గుమ్మడికాయ, వంకాయ, చిలగడదుంప, ములక్కాడ వేసిన దప్పళం, చిక్కుడుకాయ కూర, కందిపచ్చడి. రాయలసీమలోనూ తెలంగాణలో కొన్నిచోట్లా భోగికి సజ్జరొట్టె, నువ్వులు తింటారు. చలికాలానికి తగిన తిండి అది. పిండివంటల వెలుగులో ఇవి పక్కకి పోయాయి గానీ, విస్తరిలో ముందు వీటిని రెండోసారి వేయించుకుంటే చాలు. మిగతావాటికి చోటు దానంతటదే తగ్గుతుంది.

"ఇంకొక్కటి వెయ్యనా?"

ఈ ప్రశ్నకి జవాబు చేతిలో లేకపోతే పైన రాసినదంతా వృథా. "డైట్‌లో ఉన్నాను" అన్న మాట నేను మానేశాను. అలా అంటే వండినవాళ్ళకి తమ వంట జబ్బు తెస్తుందని అన్నట్టు వినిపిస్తుంది. వెంటనే వాదన మొదలవుతుంది, మీ తాతగారు రోజుకి పది తిన్నా తొంభై ఏళ్ళు బతికారంటారు. ఆయన రోజంతా పొలంలో ఉన్నారన్న మాట ఆ క్షణంలో ఎవరికీ ఎక్కదు. "షుగర్ ఉంది" అంటే జాలి పడతారు, ఆ జాలితో ఇంకొకటి చిన్నది వేస్తారు.

పని చేసిన మాట ఇది: "పిన్నీ, పాకం ఎంత బాగా కుదిరిందో! కడుపు నిండిపోయింది, రేపు భోజనంలో ఒకటి వేయించుకుంటా. నా పేరు మీద తీసి పెట్టు." ఇందులో వంటకి మెచ్చుకోలు ఉంది, రేపటికి మాట ఉంది. రేపు నిజంగా తినాలి కూడా. అత్తమ్మ "గింతేనా తినేది బిడ్డా?" అంటే "దప్పళం ఇంకో గరిటె వేయండి అత్తమ్మా" అంటాను. వడ్డించే చేతికి కావలసింది వడ్డించడమే. ఏది వడ్డించాలో మనం చెప్పొచ్చు. విస్తరి ఖాళీగా పెట్టుకుని వద్దంటే ఎవరూ వినరు, దప్పళం ఉన్న విస్తరిని వదిలేస్తారు.

ఒక ఇంట్లో ఒకరైనా మీ పక్షాన ఉండాలి. నాకు మా తమ్ముడి భార్య. తను వడ్డిస్తే అరిసె సగం విరిచి వేస్తుంది, ఎవరికీ తెలియదు.

మీకు ఏది?

షుగర్, బీపీ మందులు వాడుతూ అదుపులో ఉన్నవాళ్ళకి, నాలా గడప మీద ఉన్నవాళ్ళకి, బరువు తగ్గుతున్నవాళ్ళకి నేను నాలుగో దారే చెప్తాను. రోజుకి ఒక తీపి, అది భోజనంలోనే. మందుల టైము మాత్రం పండగలో కూడా తప్పకూడదు. పండగ ఇంట్లో మొదట గాడి తప్పేది అదే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. జబ్బులేమీ లేక, పొలం పనో మరో ఒళ్ళొంచే పనో చేసేవాళ్ళు వదిలేసి తిన్నా పర్వాలేదు, డబ్బా తేకుండా ఉంటే చాలు. ఒకటి తింటే పదిదాకా ఆగలేని స్వభావం కొందరికి ఉంటుంది, అది వాళ్ళకే తెలుసు. అలాంటివాళ్ళు తమకి బలహీనత ఉన్న ఒక్క వంటకాన్ని పూర్తిగా మానేసి, మిగతావి హాయిగా తినడం మేలు. మావారికి సకినాలు అలాంటివి. ఆయన రెండేళ్ళుగా సకినం ముట్టుకోరు, భక్షాలు మాత్రం వదలరు.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి సంక్రాంతి దగ్గరలోని శనివారం ఒక్కపూటే వస్తుంది. తలా ఒక వంట తెచ్చే విందులో ఇరవై రకాలుంటాయి. అక్కడ నాలుగో దారి కన్నా తేలికైనది ఒకటుంది: మీరు తీసుకెళ్ళేది కూరగాయల వంటకం అయ్యేలా చూసుకోండి. దప్పళం గిన్నె తీసుకెళ్తే మీకూ ఉంటుంది, ఇంకో పదిమందికీ ఉంటుంది. మిగిలిన స్వీట్లు పంచి పెట్టేటప్పుడు మాత్రం ఖాళీ డబ్బాతోనే ఇంటికి రండి.

బస్సెక్కే డబ్బా

కనుమ నాడు కాకైనా కదలదంటారు, ముక్కనుమ దాకా ఉండి బయల్దేరతాం. అసలు పరీక్ష అక్కడ. అమ్మ ఇచ్చేది వద్దనలేం, వద్దనకూడదు కూడా. మూడో ఏటి దాకా ఇచ్చినంతా తెచ్చాను. ఇప్పుడు బయల్దేరే ముందు రోజే అమ్మతో కూర్చుని లెక్క చెప్తున్నాను. అరిసెలు పన్నెండు: మా ఇద్దరికీ ఆ వారానికి ఒక్కొక్కటి, పిల్లలకి రెండేసి, పక్కింటివాళ్ళకి నాలుగు, వాచ్‌మన్ ఇంటికి రెండు. సున్నుండలు పది. ఇంటికి చేరిన రోజే పంచేవన్నీ పంచేయాలి, మర్నాటికి ఉంచితే పంచడం ఉండదు. మిగిలినవి అటక మీదకి పోతాయి, టీవీ పక్కకి కాదు. చేరిన రాత్రి వంట కూడా ముందే అనుకుని వెళ్తాను. ప్రయాణపు బడలికలో బయటి నుంచి తెప్పించుకుంటే పండగ ఇంకో రోజు సాగుతుంది. పెసరపప్పు, సొరకాయ వేసి పలచగా కిచిడీ, మజ్జిగ.

మొన్న అమ్మకి ఈ లెక్క చెప్తే మొదట నమ్మలేదు. "పన్నెండేంటే, ఇంతమంది ఉన్నారు కదా" అంది. తరువాత తనే కూర్చుని ఒక్కో అరిసెనీ మళ్ళీ చెక్కల మధ్య పెట్టి నొక్కి, పాత న్యూస్‌పేపర్ మీద పరిచి, నూనె మరక ఎక్కువ పడ్డవి పక్కన పెట్టి, బాగా పొడిగా ఉన్నవి ఏరి పన్నెండు లెక్కపెట్టి డబ్బాలో సర్దింది. మూత పెట్టే ముందు ఇంకొకటి చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. నేను సరేనన్నాను. పదమూడు.